అత్తయ్య జీపు ఆగిన ఇళ్లు

హైదరాబాదు నుంచి ఫోను వచ్చేసరికి అమ్మ పెరట్లో కూర్చుని బూడిదతో చేపలు తోముతోంది. "అత్తయ్య పోయిందటమ్మా, నిద్రలోనే" అన్నాను. బూడిద చేతులు ఒళ్లో పెట్టుకుంది. "ఇంక నాకెవరున్నార్రా?" అంది. కన్నకొడుకుని, ఎదురుగానే ఉన్నాను. అయినా ఆ మాటకి నాకు కోపం రాలేదు. ఆవిడ ఎందుకలా అందో నాకు తెలుసు.

అత్తయ్య అంటే మా నాన్నకి అక్క. పెదపాడు దాటాక కొల్లేటి వైపు ఉంటుంది మా ఊరు. అక్కడి మిషను బళ్లో అక్షరాలు దిద్దుకుని, ఏలూరులో చదివి, హైదరాబాదులో పరిశోధకురాలైంది. కాలేయం జబ్బుల మీద, ఒంట్లోని రోగనిరోధక శక్తి మీద జీవితమంతా పనిచేసింది. ఆవిడ వ్యాసాలు దేశదేశాల పత్రికల్లో వచ్చాయి. ఒక్కటీ నాకు అర్థమై చావలేదు. ఆవిడ చిన్నప్పుడే మా నాయనమ్మ కామెర్లు ముదిరి పోయిందట. పసరు పోయించారు, ఉప్పులేని పథ్యం పెట్టారు. "అందరూ ఏదో ఒకటి చేశార్రా, లోపల ఏం జరుగుతోందో మాత్రం ఒక్కళ్లకీ తెలీదు" అనేది.

మనిషి ఎదురైతే పలకరింపు కంటే ముందు కళ్లలో పచ్చదనం వెతికేది. ఓ పెళ్లిలో పెళ్లికొడుకునే వెలుతురులోకి లాక్కెళ్లి కనురెప్ప కిందికి లాగి చూసింది. నవ్వలేక చచ్చాం.

"ఆ కామెర్ల వైరస్ లివర్ని తినేస్తుందా అత్తయ్యా?" అని ఒకసారి అడిగాను.

"అదేం పెద్దగా చెయ్యదురా అబ్బాయ్, దూరి కూర్చుంటుందంతే. దాన్ని తరమడానికి మన ఒంట్లో కాపలావాళ్లు బయల్దేరతారు చూడూ, వాళ్లు కొట్టే దెబ్బలకే లివర్ పాడవుతుంది. కొందరిలో ఊరుకుంటారు, కొందరిలో రెచ్చిపోతారు. ఎందుకో తెలుసుకోవాలన్నదే నా గోల."

రెండు వేల సంవత్సరం దాటిన కొత్తల్లో కొల్లేటి పక్క ఊళ్లలో ఆ వైరస్ కోసం రక్త పరీక్షలు చేయడానికి వచ్చింది. మా ఊరి ఆడపడుచని అందరూ కాదనకుండా చేతులు చాపారు. సీసాల మీద పేర్లు రాయనివ్వలేదు, ఎవరి ఫలితం వాళ్ల చెవినే వేసింది. అంత జాగ్రత్త మనిషీ ఒక్కచోట పప్పులో కాలేసింది. వైరస్ బయటపడిన వాళ్ల ఇంట్లోవాళ్లకి టీకాలు వేయమని ఐసుపెట్టెతో జీపు పంపింది. జీపు కొన్ని ఇళ్ల ముందే ఆగింది. మా ఇంటి ముందు కూడా ఆగింది. పొద్దు వాలేసరికి ఊరందరికీ తెలిసిపోయింది.

మా ఇంట్లో టీకా పడనిది అమ్మ ఒక్కదానికే, వైరస్ ఉన్నది ఆవిడకి. ఒంట్లో ఏ నలతా లేదు, ఎప్పటిలాగే పనికి వెళ్లొస్తోంది.

మా చర్చిలో నెలకోసారి ప్రభువు బల్ల. రొట్టె తిన్నాక ద్రాక్షరసం తాగడానికి అందరికీ ఒకటే గిన్నె. పాస్టరు అయ్యగారు అంచు తుడిచి ఒక్కొక్కరికీ అందిస్తారు. మగవాళ్లయ్యాక ఆడవాళ్లు. ఆ ఆదివారం అమ్మ లేవబోతే పక్కావిడ మెల్లగా చెయ్యి పట్టుకుంది. "ఏమనుకోకండి వదినా, మీరు ఆఖర్న తీసుకుందురు గానీ. పిల్లలు గలవాళ్లం కదండీ."

ఎంత మర్యాదగా అందో! దానికంటే తిట్టినా బాగుండేది. అమ్మ మళ్లీ కూర్చుంది.

విషయం చెప్తే అత్తయ్య మరుసటి నెల వచ్చింది. గిన్నె వల్ల అంటదనీ, ఒకరికి పొడిచిన సూది ఇంకొకరికి పొడిస్తే అంటుతుందనీ ఆరాధనకి ముందే అందరికీ విడమరిచి చెప్పింది. "అలాగేనండీ, మీరు చెప్పాక ఇంకేముందండీ" అన్నారు. వరస మాత్రం మారలేదు. ఆఖర్న అమ్మ తాగాక అయ్యగారు గుడ్డ అందుకోబోతే, అత్తయ్య "తుడవకండి" అని అమ్మ చేతిలోంచి గిన్నె తీసుకుని తాగింది.

ఆ మధ్యాహ్నం అత్తయ్య కంచం ముందు కూర్చుని ముద్ద ముట్టలేదు. "కాపాడబోయి దెబ్బ కొట్టడమంటే ఏంటో ఇన్నాళ్లూ లాబ్‌లో చూశాను. ఇప్పుడు నేనే కొట్టాను" అంది.

"ఊరుకోండి వదినగారూ, పిల్లలకి టీకాలు పడ్డాయిగా" అంది అమ్మ. అత్తయ్య వెక్కి వెక్కి ఏడ్చింది. ఆ తర్వాత ఏ ఊరు వెళ్లినా టీకా జీపు ప్రతి గుమ్మం ముందూ ఆగి తీరాలని పట్టుబట్టేదట. ఆవిడ దగ్గర పనిచేసినవాళ్లు సమాధి దగ్గర చెప్పారు.

అప్పట్నుంచీ వీలైన ప్రతి నెలా వచ్చేది. ఏలూరులో రైలు దిగి, బస్సెక్కి తిన్నగా చర్చికి వచ్చి అమ్మ వెనక నిలబడేది. కొన్నాళ్లకి అమ్మని ఆఖర్న రమ్మనడం అందరూ మానేశారు. అలా వెళ్లడం అమ్మే మానలేదు. నేనెంత పోరినా వినలేదు.

మొన్న ప్రభువు బల్లనాడు నా వంతు అయిపోయి మగవాళ్ల వైపు కూర్చున్నాను. ఆడవాళ్లంతా తీసుకున్నాక అమ్మ లేచింది, తాగింది. అయ్యగారు గుడ్డ జోలికి పోలేదు. అలవాటుగా అమ్మ వెనక వైపు చూశారు. గిన్నె పట్టుకుని అమ్మ కూడా వెనక్కి తిరిగింది. వెనక ఖాళీ చాప.