వాక్కాయ పప్పు, పాల బకెట్టు

కిషన్‌బాగ్‌ల ఆండాలు అంటే తెల్వనోళ్లు లేరు. నోట్లె నాలుక లేని మనిషి, చేతులకు మాత్రం ఆరాం లేదు. ఇరవై రెండేండ్ల సంది పేడ తీసుడు, పాలు పిండుడు, గదే బతుకు.

మొన్న ఆషాఢంల ఆమె అత్త ఎల్లమ్మకు జ్వరమొచ్చింది. జ్వరమైతే పోయింది గానీ నోరు సచ్చిపోయింది. ఏం పెట్టినా "మన్ను తిన్నట్టున్నదే" అని ఉమ్మేసుడే. పన్నెండు రోజులకు బొక్కలు తేలినయి. "తినకపోతే నా మందులేం జేస్తయమ్మా?" అన్నడు డాక్టర్ సాబు.

ఆండాలుకు గాబరా పట్టుకున్నది. తల్లి లేని పిల్లగ ఆ ఇంట్ల అడుగు పెడితే, జడేసి, పాలు పిండుడు నేర్పి, బిడ్డ లెక్క సూసుకున్నది గా ముసలామెనే.

బర్ల కొట్టం ఎనక వాక్కాయ పొద ఉన్నది. ఎవ్వరు పెట్టలే, ఎవ్వరు నీళ్లు పోయలే. ఒళ్లంత ముండ్లు, గుత్తులు గుత్తులు కాయలు. పండినయి ఉత్తగనే తింటరు, పచ్చివి పప్పుకు, పచ్చడికి. 'సచ్చిన నాలుకను లేపాల్నంటే దీని పులుపే లేపాలె' అనుకున్నది ఆండాలు. గా గాబరాల చేతికందిన పాల బకెట్టే పట్కపోయి కాయలు తెంపింది.

అయ్యో, పాలోళ్లింట్ల చెయ్యగూడని పని! పాల బకెట్టుకు పులుపు సూపియ్యరు. ఉత్త నీళ్లతోని తొలిచి బోర్లించింది. ఆమె మొగడు కొండల్ అండ్లనే మాపటి పాలు పిండి హోటల్ల పోసొచ్చిండు.

ఆండాలు కాయలు చీరి, గింజలు తీసి, కందిపప్పుల ఏసి ఉడకబెట్టి, ఎల్లిపాయలతోని పోపు పెట్టిందో లేదో, ఫోన్ మోగింది.

"కొండల్ భాయ్, సారా దూద్ ఫట్ గయా!" పాలన్ని ఇరిగిపోయినయని హోటల్ మాలిక్ ఒకటే లొల్లి.

ఆండాలు బకెట్టు సంగతి చెప్పేసరికి కొండల్ గయ్యిమన్నడు. "దిమాక్ ఉన్నదా? పది లీటర్లు మట్టిపాలాయె!"

ఎన్నడు ఎదురు చెప్పని ఆండాలు గిర్రున తిరిగింది. "పాలు రేపు బర్రె మల్ల ఇస్తది. మీ అమ్మను ఏ బర్రె ఇస్తది?"

కొండల్ బకెట్టు తీస్కపోయి బూడిదతోని తోముకుంట కూసున్నడు.

ఆండాలు అత్తను గోడకు ఆనించి కూసుండబెట్టి, ముద్ద కలిపి నోట్లె పెట్టింది. ముసలామె నమిలింది, మొఖం చిట్లించింది. ఉమ్మేస్తదని ఆండాలు దోసిలి పట్టింది. ముసలామె మింగింది.

"ఏందే గిది, ఉప్పెయ్యలేదా?"

నిజంగనే ఎయ్యలే! ఆండాలుకు ఏడుపు ఆగలే. "మర్సిపోయిన అత్తా! నీ కాల్మొక్త, వాక్కాయ తల్లీ, నీ కాల్మొక్త!" అనుకుంట ఉప్పు డబ్బాకు ఉరికింది.

"జల్ది తే!" ఎనక నుంచి ఎల్లమ్మ కేకేసింది. "ఆకలైతున్నది."