ఆంటీకి వదిలిన సగం

నాటింగ్‌హామ్‌లో నా మీద జాలి పడ్డ ప్రతి మనిషి మీదా నాకు కోపమే వచ్చింది. అందరికంటే ఎక్కువ పక్క ప్లాట్ ఆంటీ మీద.

ప్లాట్ అంటే కౌన్సిల్ వాళ్లు కూరగాయలు పండించుకోమని అద్దెకిచ్చే చిన్న ముక్క. అలాట్‌మెంట్ అంటారు. బెజవాడలో మూడో అంతస్తు ఫ్లాట్‌లో పెరిగిన నేను మట్టిలో చెయ్యి పెట్టింది అక్కడే. మంచి గోంగూర దొరక్క విసుగొచ్చి తీసుకున్నాను. రెండో ఏడాదికే కీళ్లవాతం పట్టుకుంది, ఇరవై ఆరేళ్లకి. పొద్దున లేస్తే వేళ్లు ముడుచుకోవు. మధ్యాహ్నం దాకా టూత్‌పేస్ట్ మూత కూడా తిప్పలేను. ఇంక పార ఎక్కడ పడతాను?

వదిలేయమని చెప్పని వాళ్లు లేరు. వదల్లేదు. నీళ్ల పీపాని ఇటుకల మీద ఎక్కించి, దానికి సిమ్ కార్డుతో పనిచేసే వాల్వ్ పెట్టించాను. మంచం మీద పడుకుని ఫోన్‌ని వేలి కణుపుతో నొక్కితే అక్కడ మొక్కలకు నీళ్లు వెళ్లేవి. కలుపు తీయడానికి మా ఫ్లాట్‌మేట్ ఉన్నాడు. వరంగల్ వాడు, ఎమ్మెస్సీ చదువుతున్నాడు. చొక్కా జేబులో ఫోన్‌ని కెమెరా బయటికి ఉండేలా పెట్టుకుని వెళ్లేవాడు. నేను వీడియోలో చూస్తూ అరిచేదాన్ని.

"అది గోంగూర. పీకావంటే చంపేస్తా."

"నాకన్నీ ఒక్క తీర్గనే కనవడ్తున్నయ్."

"ఆకు చూడు. ఆకు కూడా కనపడట్లేదా?"

"గట్టిగ ఒర్లకే. పక్కన ఆంటీ నవ్వుతుంది."

ఆంటీది గుంటూరు వైపు. అరవై దాటింది. ఒంట్లో కాస్త బాగున్న రోజు నేను వెళ్లి కుర్చీలో కూర్చుంటే చాలు, గట్టు దాటి వచ్చేసేది.

"ఏంటి పాపా, వాతం మనిషివి. వంకాయ, బంగాళాదుంప, గోంగూర... పథ్యంలో తినకూడనివన్నీ వరసగా నాటావు."

"నేను తినడానికి కాదులే ఆంటీ. చూసుకోవడానికి."

"చూసుకోవడానికి ఇంత స్థలమెందుకు తల్లీ? ఫోన్ ఉందిగా."

మాట్లాడేది నాతో, చూసేది నా మట్టిని. తన చిక్కుడు పందిరికి చోటు చాలట్లేదని ఆమె చెప్పని మనిషి ఆ సైట్‌లో లేడు.

జులైలో సైట్ బాధ్యతలు చూసే తెల్లాయన ప్లాట్ దగ్గరికి రమ్మన్నాడు. పొద్దున తొమ్మిదికి. ఆ వేళకి నా వేళ్లు చెక్కముక్కలు. ప్లాట్ ఎవరి పేరున ఉందో వాళ్లే పని చేయాలన్నది అక్కడి రూల్. చేయకపోతే తీసేసుకుంటారు. నేనెప్పుడూ ఫోన్ పట్టుకుని కూర్చుంటానని, పని ఇంకెవరో చేస్తున్నారని, అదీ సగంలోనేనని ఆయనకి ఎవరో చెప్పారట. ఆ ఎవరో ఆయన పక్కనే నిలబడి ఉంది.

"నేనే చెప్పాను పాపా," అంది ఆంటీ, ఏమాత్రం దాచకుండా. "నీ మంచికే. పిల్లకి ఒంట్లో బాలేదు, సగం నాకిస్తే నేను చూసుకుంటానన్నాను."

నిజమేనా అన్నట్టు ఆయన నా వైపు చూశాడు. ఆఫీసులో మేనేజర్‌కి కూడా చెప్పని జబ్బు. గ్లవ్స్ ఊడదీసి చేతులు ముందుకు చాపాను. వాచిన కణుపులు చూసి ఆయన గొంతు మెత్తబడింది. దాంతో నాకు ఇంకా మండింది. సాయానికి ఒక మనిషి పేరు రాయించుకోవచ్చన్నాడు. కానీ మొత్తం ప్లాట్ కుదరదు, సగం ఉంచుకోమన్నాడు. ఏ సగమో నా ఇష్టమేనట.

క్షణం కూడా ఆలోచించలేదు. గోంగూర, పీపా, వాల్వ్ ఉన్న వైపు నాకు. కంచె వైపు ఆంటీకి. ఆ కంచె వైపంతా తెల్లటి వేర్లతో అల్లుకుపోయే తీగ కలుపు. వేరు ముక్క ఒక్కటి మిగిలినా మళ్లీ లేస్తుంది. మేమిద్దరం దానితో వేగలేక అటు వెళ్లడమే మానేశాం.

"ఆ సైడ్ ఇచ్చినవా?" అన్నాడు ఫ్లాట్‌మేట్. "పాపం గాదే, ముసలామె."

"సగం అడిగింది. సగం ఇచ్చాను."

తర్వాతి శనివారం వాడి జేబులోంచి చూస్తున్నాను. ఆంటీ చీర మీద స్వెటర్ వేసుకుని, మోకాళ్ల మీద కూర్చుని, మట్టిలో వేరు కొస వెతికి, తెగకుండా మెల్లగా లాగుతోంది. బొటనవేలు, చూపుడువేలు కలుస్తున్నాయి. పట్టు బిగుస్తోంది. నా వయసుకి రెట్టింపు దాటిన మనిషి. ఆ చేతుల్ని చూస్తుంటే ఒళ్లు మండిపోయింది.

"ముక్కలు వదలొద్దని చెప్పు," అన్నాను. "నా వైపు పాకుతాయి."

వాడు నోరు తెరిచేలోపే ఆమె జేబు వైపు తిరిగింది.

"వినపడింది పాపా. అంత అనుమానమైతే వచ్చి చూసుకో. మట్టిలో వేర్లు ఫోన్‌లో కనపడవు."

టాక్సీ పిలిచాను. అప్పటికి మధ్యాహ్నం దాటింది, వేళ్లు కాస్త వదులయ్యాయి. వెళ్లి, ఆమెకి ఎదురుగా కుర్చీ వేసుకుని సాయంత్రం టీ వేళ దాకా కూర్చున్నాను. ఆమె లాగిన ప్రతి వేరునీ చూశాను. ఎక్కడ తెగిందో అక్కడ చెప్పాను. ఆమె నన్ను తిట్టుకుంటూ మళ్లీ తవ్వింది.