దిగాక ఆగకూడదట: ఎగైలాలో గ్రేస్ ఎగిరిన శుక్రవారం

కువైట్‌లో స్కీయింగ్ చూడడానికి వెళ్తున్నానంటే మా క్లినిక్‌లో తోటి నర్సు నా నుదుటి మీద చెయ్యి వేసి చూసింది. జ్వరం లేదు, గ్రేస్ ఫోను చేసిందంతే. గ్రేస్‌ది మా భీమవరమే. చిన్నప్పటినుంచీ జిమ్నాస్టిక్స్ తప్ప వేరే లోకం తెలియని పిల్ల. ఇరవై ఒకటో ఏట, ఇక నీ వయసు దాటిపోయిందని అక్కడి కోచ్ తేల్చేస్తే, ఇక్కడ ఎగైలాలో ఒక ఆడపిల్లల క్లబ్బులో నేర్పించే పనికి వచ్చింది. రెండేళ్ల క్రితం అదే క్లబ్బుకు స్కీ ఏరియల్స్ నేర్పే విదేశీ కోచ్ ఒకాయన వచ్చాడు. స్కీలు కట్టుకుని ర్యాంపు మీద జారి, గాల్లోకి లేచి, పిల్లిమొగ్గ వేసి, మళ్లీ స్కీల మీదే దిగడం ఆ ఆట. ట్రాంపొలిన్ మీద గ్రేస్‌ను చూడగానే ఆయనకు ప్రాణం లేచొచ్చిందట, తనకూ నేర్పడం మొదలుపెట్టాడు.

"అక్కా, శుక్రవారం నాకు పరీక్ష. మూడు దూకుళ్లు. ఒక్కటైనా పడకుండా దిగి, చివర కంచెదాకా జారుకుంటా రావాలి. వస్తే రెండేళ్లు మంచు దేశంలో ట్రైనింగు. రాకపోతే ఖలాస్, ఆయన ఆదివారం వెళ్లిపోతాడు. నువ్వు రాకపోయావంటే మాత్రం నేనూరుకోనంతే!" అంది.

మీరూ వెళ్లాలనుకుంటే మేముండే అబ్బాసియా నుంచి బస్సులున్నాయి, అర దినారు లోపే అవుతుంది. కానీ శుక్రవారం పొద్దున బస్సు కోసం నిలబడే ఓపిక నాకు లేదు. ఏడున్నరకు వీధి చివర హోటల్లో పెసరట్టు తిని, నాలుగు దినార్లకు టాక్సీ మాట్లాడుకున్నాను. డ్రైవరు రాజన్నది జగిత్యాల. ఆరో రింగు రోడ్డెక్కి ఫహాహీల్ వైపు తిరిగేలోపు గ్రేస్ కథంతా చెప్పేశాను.

"గా పిల్ల మంచు సూసిందా అక్కా?" అన్నాడు.

"ఫ్రిజ్‌లో తప్ప చూళ్లేదు."

"అయితే మస్తు ధైర్యమే! మా కఫీల్ లీవ్ ఇయ్యనీకే నెల రోజులు తిప్పుకుంటడు. గామె కఫీల్ ఇడిసిపెడ్తదా?"

పాసైతే సంతోషంగా పంపిస్తానని గ్రేస్ కఫీల్, అంటే వీసా ఇచ్చిన క్లబ్బు యజమానురాలు, మాటిచ్చిందని చెప్పాను. రాజన్న నమ్మలేదు కానీ బండి మాత్రం వేగంగా నడిపాడు. ఎనిమిదిన్నరకల్లా దిగాం.

మాల్ వెనక పెద్ద గోదాములాంటి హాలు అది. చూడడానికి వచ్చినవాళ్లకు టికెట్టు ఒక దినారు. లోపల మంచు లేదు. ర్యాంపు మీద ప్లాస్టిక్ కుచ్చుల చాపలు పరిచి నీళ్లు చల్లుతారు. దిగేచోట ఏటవాలుగా గాలి నింపిన పెద్ద పరుపు, దాని కింద మళ్లీ తడి చాపలు, చివర వల కట్టిన కంచె. ర్యాంపు పైన హెల్మెట్ పెట్టుకుని నిలబడ్డ గ్రేస్ కిందినుంచి బొమ్మంత కనిపించింది.

మొదటిసారి జారింది, లేచింది, ఒళ్లు నిటారుగా ఉంచి వెనక్కి పిల్లిమొగ్గ తిరిగింది. అబ్బ, ఎంత అందంగా తిరిగిందో! స్కీలు రెండూ పరుపుకు తగిలాయి. మరుక్షణం ఒళ్లంతా బిగబట్టి, రెండు చేతులూ పైకెత్తి, జిమ్నాస్టిక్స్ జడ్జీలకు దండం పెడుతున్నట్టు ఆగబోయింది. కాళ్లు ఆగలేదు. వెల్లకిలా పడిపోయింది. రెండోసారీ అంతే. దిగడం, బిగుసుకోవడం, చేతులెత్తడం, పడడం. కోచ్ తల పట్టుకున్నాడు.

గ్రేస్ నా దగ్గరికొచ్చి కూలబడింది. కళ్లనిండా నీళ్లు. "పద్నాలుగేళ్లు అక్కా! దిగాక ఒక్క అడుగు కదిలినా మార్కు కోసేవోళ్లు. మా మేష్టారు సుద్దముక్కతో గీత గీసి, గీత దాటితే మళ్లీ చేయించేవోరు. ఇప్పుడేమో ఆగకూడదంట. నా కాళ్లు నా మాట వింటం లేదు."

నర్సుగా నా దగ్గర దీనికి మందు లేదు. "పోనీలే, ఇంటికెళ్లిపోదాం" అనబోయి నాలుక కరుచుకున్నాను. తనే కంచెకేసి చూసి లేచింది. "అక్కా, నువ్వెళ్లి ఆ వల ముందర నిలబడు. చేతులు చాపి నిలబడు. నేను దిగటం గురించి ఆలోచించను. నీ దగ్గరికి రావటమే."

కోచ్‌ను అడిగాం. ఆయన నన్ను ఎగాదిగా చూసి, ఒక హెల్మెట్ నా నెత్తిన పెట్టి సరేనన్నాడు. వల ముందు నిలబడి యేసయ్యా అనుకున్నాను. నిజం చెబుతున్నాను, ఆ నిమిషం ఆ పిల్ల భవిష్యత్తు కంటే నా నడుము గురించే ఎక్కువ భయపడ్డాను.

మూడోసారి గ్రేస్ లేచింది. తిరిగింది. దిగింది. భుజాలు ఒక్క క్షణం పైకి లేవబోయాయి. "రావే! వచ్చెయ్యవే!" అని గొంతు చించుకుని అరిచాను. చేతులు ముందుకొచ్చాయి, మోకాళ్లు వంగాయి, పరుపు దాటింది, తడి చాపలు దాటింది, నీళ్లు చిమ్ముకుంటూ వచ్చి నన్ను ధడేలున గుద్దింది. ఇద్దరం వలలో పడి చిక్కుకుపోయాం. కోచ్ పరుగెత్తుకొచ్చి, మమ్మల్ని లేపకుండానే గ్రేస్‌తో కరచాలనం చేశాడు. గేటు దగ్గర రాజన్న ఈల వేస్తున్నాడు. ఎప్పుడు లోపలికొచ్చాడో!

గ్రేస్ వచ్చే నెల వెళ్తోంది. సంతోషంతో ఆ రోజంతా నాకు అన్నం సహించలేదు, ఏడుపూ ఆగలేదు. ఒకటి మాత్రం అర్థమైంది. వయసు దాటిందని తీసేసిన ఒళ్లు అదే, పద్నాలుగేళ్లు నేర్చినదీ అదే. గాల్లో తిరిగినంతసేపూ ఆ చదువే తనను కాపాడింది, నేలకు తగిలాక మాత్రం దాన్ని వదిలేయాల్సి వచ్చింది. వదలడానికి మూడో దూకుడు దాకా పట్టింది. నాకైతే ముప్పై పట్టేవి.

వెళ్లేవాళ్లకు ఒక్క సలహా: మధ్యాహ్నం నమాజు వేళకు హాలు మూసేస్తారు కాబట్టి తొమ్మిదిలోపే చేరుకోండి. వల ముందు నిలబడమని ఎవరైనా అడిగితే భయపడకండి, నిలబడండి. నా నడుముకు మా క్లినిక్‌లో ఇంకా కాపడం పెడుతున్నారు, అయినా మళ్లీ పిలిస్తే వెళ్తాను.