ఈశాన్య మూల

చింతామణిలో ఒక ఇంటర్నెట్ సెంటర్లో కంప్యూటర్ మీద గో ఆట నేర్చుకున్నాను. గీతలు కలిసే చోట ఒకరు నల్లరాయి, ఒకరు తెల్లరాయి పెడుతూ ఖాళీ జాగాకు కంచె కట్టుకునే ఆట. మా ఊళ్ళో నాతో ఆడేదెవరు? మా నాయనకే నేర్పాను. అట్టముక్క మీద గీతలు గీసి, నల్లరాళ్ళకు చింతగింజలు, తెల్లరాళ్ళకు అనపగింజలు పెట్టుకున్నాం.

మొదట మూలలు పట్టాలి, తర్వాత అంచులు, నడిమధ్య చివర్న. అది చెప్పగానే నాయన తలాడించాడు. "మూలకైతే రెండు పక్కలా గట్టు ముందే ఉండాది గదప్పా. సగం కంచె కడితే సాలు."

అంత తొందరగా పట్టుకున్న మనిషి రెండో పాఠం దగ్గర మొరాయించాడు. ఒక మూల చెడితే అక్కడే కొట్లాడకూడదు, వదిలేసి ఖాళీ మూలకు పోవాలి. నాయన అట్టను దిక్కులు చూసి సర్ది, మొదటి గింజ ఈశాన్యంలోనే పెట్టేవాడు. గింజలన్నీ అక్కడే పోసి ఓడిపోయేవాడు. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళు.

"ఇడిసిపెట్టు నాయనా, ఆ మూల సచ్చిపోయింది."

"ఈశాన్యం ఇడిసినోడు యాడ బాగుపడినాడప్పా?"

చేన్లోనూ అదే వరస. ఈశాన్యంలో ఉన్న బోరు ఎండిపోయింది. దాని పక్కనే వేసిన రెండోదీ ఎండింది. నీళ్ళు చూసే ఆయన అరచేతిలో కొబ్బరికాయ పెట్టుకుని చేనంతా తిరిగితే, అది నైరుతి గట్టు దగ్గర లేచి నిలబడింది. నాయన ఒప్పుకోలేదు. "నైరుతిలో బోరేస్తే ఇంటి పెద్ద బతకడంట," అన్నాడు.

మూడో బోరూ ఈశాన్యంలోనే వేయించాడు. దుమ్ము తప్ప తడి రాలేదు. మల్బరీ తోట వాడిపోయింది. ఇంట్లో పట్టుపురుగులు ఆకు బాగా తినే చివరి వారంలో ఉన్నాయి. తట్టల్లో తలలెత్తి ఆకు కోసం వెతుకుతుంటే చూడలేకపోయాను. నాయన మీద కోపంతో ఒళ్ళు మండింది. అమ్మ ఒక్కో తట్టా మోసుకుపోయి దిబ్బగుంతలో బోర్లించి వచ్చింది. నాయన అరుగు మీద కూర్చుని చూస్తూ ఉండిపోయాడు.

కొన్నాళ్ళకు ఆయనే అట్ట పరిచాడు. దిక్కులు సర్దాడు. చింతగింజ తీసి, తిన్నగా నైరుతిలో పెట్టాడు.

ఆటలో తప్పేమీ లేదు. ఇన్నాళ్ళూ నేను మొత్తుకున్నదే అది.

"సరిగ్గా ఉండాదాప్పా?" అని అడిగాడు.

నాకు భయమేసింది. ఆ గింజ తీసి ఈశాన్యంలో పెట్టాను.

"నీది ఈడ నాయనా," అన్నాను.