లాప్‌టాప్ చెవిలో మా వదిన

మా వదిన యంత్రాలతో మాట్లాడుతుంది. అవి వింటాయి. చెవులు మూసుకున్న లాప్‌టాప్ దగ్గరికి వంగి ఆవిడ ఒక్క మాట గొణిగిందంతే, దానికి లోకమంతా వినపడింది. అబద్ధమైతే మీసం తీయించేస్తాను. నాకు మీసం సరిగ్గా మొలవలేదనుకోండి, అది వేరే సంగతి.

వదిన పని పాత బట్టలు సరిచేయడం. వీధి మలుపులో ఒంటిగది కొట్టు. కుట్టుమిషను, ఇస్త్రీ బల్ల, ఎవరో చిక్కిపోతే వదులైన ప్యాంట్లు, ఎవరో ఒళ్ళు చేస్తే బిగుతైన కోట్లు. పన్నెండేళ్ళుగా ఊళ్ళో నడుములన్నీ ఆవిడ గుప్పిట్లోనే ఉన్నాయి. కుడుతున్నంతసేపూ తను చదివిన కథలు పైకి చెబుతూ ఉంటుంది. ప్యాంటు కోసం వచ్చినవాళ్ళు ఆ గొంతు వింటూ ప్యాంటు మర్చిపోయి వెళ్ళిపోతారు. ఒకాయన వేసుకొచ్చినది కూడా వదిలేసి వెళ్ళాడంటాను గానీ, వదిన ఒప్పుకోదు.

చూపులేనివాళ్ళ కోసం పుస్తకాలు చదివి రికార్డు చేసే గ్రంథాలయం ఒకటుంది. వాళ్ళకి కొత్త గొంతు కావాలట. పది నిమిషాలు చదివి, శనివారం మూడింటిలోగా పంపాలి. ఫోనులో చేసినవి తీసుకోరు. వదినకి ఆ పని కావాలి. ఎంతగా కావాలంటే, అడిగితే "ఆఁ, చూద్దాంలే" అని మొహం తిప్పుకునేంత.

అన్నయ్య ఆఫీసువాళ్ళు పక్కన పడేసిన లాప్‌టాప్ ఇంట్లో ఉంది. నిద్ర లేవడానికే దానికి అరగంట పట్టేది. నేను కంప్యూటర్ కోర్సు సగంలో మానేసిన పండితుణ్ణి. నేను పోయాక ఆ కాలేజీ కళ తప్పిందని ఇప్పటికీ అంటారు. అంటే, నేనంటాను. "విండోస్ తీసేసి లినక్స్ వేసేద్దాం వదినా, ముసలి లాప్‌టాప్‌కి తేలిగ్గా ఉంటుంది" అన్నాను. వేసింది మాత్రం ఆవిడే. నేను వెనక నిలబడి తల ఊపాను.

శుక్రవారం మధ్యాహ్నం, కొట్టులో. నల్లటి తెర మీద తెల్లటి అక్షరాలు కింది నుంచి పైకి పాకుతున్నాయి, వాన తలకిందులుగా కురుస్తున్నట్టు. ఇస్త్రీ ఆవిరి ఆ వానలోకి వెళ్ళి కలిసింది.

"ఏమంటోందయ్యా అది?"

"ఇన్నాళ్ళ కష్టాలూ చెప్పుకుంటోంది వదినా."

"అయితే మధ్యలో నువ్వు మాట్లాడకు."

వైఫై పనిచేయలేదు. దాన్ని నడిపించే ప్రోగ్రాము, అదే డ్రైవరేమో ఇంటర్నెట్లో ఉంది, ఇంటర్నెట్టేమో వైఫైలో ఉంది. నేను తత్వంలో పడ్డాను. ఈలోగా వదిన ఫోనుని వైరుతో లాప్‌టాప్‌కి తగిలించి, ఫోను నెట్ మీదే డ్రైవర్ దించుకుంది. తర్వాత స్పీకరు పలికింది. చివరగా మైకు. "ఒకటి, రెండు, మూడు" అనగానే తెర మీద ఆకుపచ్చ గీత అలలా లేచింది. వదిన చెయ్యి కడుక్కోవడానికి వెళితే, నేను ఆ విజయాన్ని గుడ్డతో తుడిచి మెరిపించి మూత పెట్టాను.

శనివారం ఒంటిగంటకి కొట్టు తలుపు మూసింది. వీధి చప్పుడు రాకుండా కోట్లన్నీ చుట్టూ వేలాడదీసి మధ్యలో కూర్చుంది. తలలు ఇంట్లో వదిలేసి వచ్చిన జనంలా ఉన్నాయవి, కథ వినడానికి. వదిన మొదలుపెట్టింది. గీత కదల్లేదు. మళ్ళీ చదివింది. గాలి సోకని నీళ్ళలా అలాగే పడుంది. అప్పటికే రెండు కావొస్తోంది.

"లినక్స్ మళ్ళీ మొదట్నుంచి వేసేద్దాం!"

"కుట్టు వంకరపోతే చొక్కా తగలబెడతావా, మరిదిగారూ? చివరి కుట్టు నుంచి విప్పుకుంటూ రావాలి. నిన్న మైకు బాగానే ఉంది. ఆ తర్వాత నేను లేచి వెళ్ళాను. నువ్వేం చేశావు?"

"నేనా? సేవ. కీబోర్డు తుడిచాను."

సూదిలో దారం ఎక్కించేటప్పటి చూపొకటుంది వదినకి. అలా చూసింది నన్ను.

ఆ తర్వాత జరిగింది నా కళ్ళారా చూశాను. వదిన లాప్‌టాప్ మీదికి వంగి, పెదాలు కదిపీ కదపకుండా ఒక్క మాట గొణిగింది. కోట్లన్నీ ఊపిరి బిగబట్టాయి. గీత వణికింది. ముందు ఇస్త్రీపెట్టె నిట్టూర్పు వినపడింది దానికి, తర్వాత ఒక కోటు చెయ్యి ఇంకో కోటుని రాసుకున్న చప్పుడు, ఆ తర్వాత వదిన గొంతు. పది నిమిషాలు చదివింది. వీధిలో సైకిళ్ళు చప్పుడు మానేసి తేలుతూ వెళ్ళాయి. మిషను మీది దారపు ఉండ దానంతటదే తిరిగింది. మూలనున్న బూడిదరంగు కోటు, చేతిగుడ్డ కోసం జేబు తడుముకుంది.

మూడింటికి పది నిమిషాలుందనగా పంపింది.

బుధవారం జవాబొచ్చింది. చదవడానికి నాలుగొందల పేజీల పుస్తకం ఇస్తున్నారు. వదిన ఫోను పక్కన పెట్టి, కుట్టడం అయిపోయిన ప్యాంటు అంచునే మళ్ళీ కుట్టేసింది.

ఇదంతా రాసి ఆవిడకి చదివి వినిపించాను. మిషను ఆపకుండా వింది.

"గొణగలేదు. మైకు ఆపే మీట ఒకటుంది, తుడిచేటప్పుడు నువ్వు నొక్కేశావు. లినక్స్‌లో దాని లైటు వెలగడం లేదు, అందుకే తెలియలేదు. మళ్ళీ నొక్కాను. లైటు ఇప్పటికీ వెలగదు."