వానకూడు, ఆరబెట్టిన ఉల్లి

ఆ వేసవిలో మా ఆయన ఫోను ప్రతి ఉదయం ఒకే మాట చెప్పేది: మధ్యాహ్నం ఉరుములతో వాన పడే అవకాశం ఉంది. ఆయన దాన్ని కాఫీ తాగుతూ ఇంటిల్లిపాదికీ చదివి వినిపించేవాడు. మధ్యాహ్నం వచ్చేది, నేల మాడిపోయేది, సాయంత్రమయ్యేది. మరునాడు మళ్ళీ అవకాశం. మూడు వారాలు ఇలాగే గడిచినా ఆయన ఫోనును ఒక్క మాట అనలేదు.

"అవకాశం ఉండాదనే గదా చెప్పింది, వస్తాదని చెప్పలేదే" అనేవాడు.

నా విషయంలో ఆయన ఎప్పుడూ అంత న్యాయంగా ఆలోచించినట్టు నాకు గుర్తులేదు.

నేను కోయంబత్తూరు ఆర్.ఎస్. పురంలో పెరిగినదాన్ని. మాకు ఎండ అంటే ఫ్యాను వేగం పెంచడం, వాన అంటే మేడమీద బట్టలు తీయడం. పెళ్ళయి ఒట్టన్‌చత్రం దగ్గరున్న ఈ ఊరికి వచ్చాక, వాన రావాలని మొక్కుకునేవాళ్ళూ, రాకూడదని మొక్కుకునేవాళ్ళూ ఉంటారని తెలిసింది. ఆ ఏడు ఆ ఇద్దరూ ఒకే మనిషి. మా అత్త.

అత్తకు పుట్టింటివాళ్ళు ఇచ్చిన చిన్న చేను ఒకటుంది. అందులో ఏం వేయాలన్నది ఆమె ఇష్టం. బావి అడుగంటుతోంది, ఈసారి ఏమీ వేయొద్దని కొడుకు చెప్పాడు. ఆమె శ్రద్ధగా విని, మరుసటి వారం చిన్న ఉల్లి నాటించింది. రెండు నెలలకు పైగా రోజూ తెల్లవారగానే వెళ్ళి, బావిలో ఊరిన కాసిని నీళ్ళనూ మోటారుతో తోడి, మడి తర్వాత మడి తడిపింది. పంట బాగా వచ్చింది. పీకిన ఉల్లిని చేలోనే పరిచి, ఆకు వాడేదాకా ఆరనిచ్చి, తర్వాత పట్టడలోకి ఎక్కించాలి. పట్టడ అంటే రాళ్ళమీద కర్రలు పరిచి, చుట్టూ తడికెలు కట్టి, పైన కొబ్బరాకు కప్పిన ఉల్లి కొట్టు. ఆరిన ఉల్లి అందులో నెలల తరబడి నిలుస్తుంది. తడిసినది ఎక్కిస్తే వారంలో అంతా కుళ్ళిపోతుంది. ఇంకా రెండు రోజుల ఎండ చాలు. ఆ రెండు రోజులూ దాటితే కొడుకు ముందు ఆమె మాట నిలుస్తుంది. ఆమెకు కావలసింది అదే. టార్పాలిన్ పట్ట ఒకటి గట్టుమీద మడతపెట్టుకుని, వేపచెట్టు కింద కూర్చుని, పగలంతా ఆకాశానికి కాపలా కాసేది.

సరిగ్గా అప్పుడే ఊరి ఆడవాళ్ళు వానకూడు ఎత్తాలని తీర్మానించారు.

బొత్తిగా వానలు లేని ఏడు మా ఊళ్ళో ఇది చేస్తారు. ఆడవాళ్ళంతా కుండ పట్టుకుని ఇంటింటికీ వెళ్ళి కూడు అడుక్కుంటారు. ఎవరేది పెట్టినా కాదనకూడదు. అంతా ఒకటిగా కలిపి, పొలిమేరలో కూర్చుని తిని, ఇక ఈ ఊళ్ళో బతకలేము, పోతున్నామని ఏడుస్తారు. అప్పుడు మగవాళ్ళు వచ్చి, వాన వస్తుంది, ఇంటికి రండని పిలుచుకుపోతారు. వాళ్ళు పిలిచేదాకా లేవకూడదు. అందరికంటే ముందు ఏడవాల్సింది మా అత్త. ఆమె గొంతు అలాంటిది. ఆమె కొత్త కోడలుగా వచ్చిన ఏడు ఏడిస్తే మూడు రోజులు ఎడతెరిపి లేకుండా కురిసిందట.

అత్త ఎదురింటి అవ్వ దగ్గరికి వెళ్ళింది. ఊళ్ళో ఆచారాలన్నిటికీ అవ్వదే చివరి మాట.

"రెండు దినాలు తాళండి అవ్వా. నా వెంగాయం ఆరనీండి" అంది. ఉల్లిని ఇక్కడ అందరూ వెంగాయమనే అంటారు.

"నీ వెంగాయానికోసరం ఊరంతా ఎండాల్నా? రేపే. నువ్వు ముందర కూర్చోవాల" అంది అవ్వ.

మరునాడు ఉదయం మా ఆయన ఫోను చూసి, అవకాశం ఉందని చెప్పి, మోటారు సామాను కొనడానికి దిండిగల్ వెళ్ళాడు. ఉల్లి దగ్గర ఎవరూ లేరు. నేను కుండ మోస్తూ అత్త వెనక నడిచాను. మొదటి ఇంట్లో రాగి సంకటి, రెండో ఇంట్లో నిమ్మకాయ అన్నం, ఆ తర్వాత ఇడ్లీలు, పెరుగన్నం. ఒక ఇంట్లో పిల్లల కోసం చేసిన నూడుల్స్ తప్ప ఏమీ లేవు. కాదనకూడదు కాబట్టి అవీ కుండలో పడ్డాయి. అన్నీ కలిపి తిన్నాం. దాని రుచి గురించి ఎవరూ మాట్లాడలేదు.

పొలిమేర నుంచి చూస్తే రెండు చేల అవతల అత్త ఉల్లి ఎర్రగా కనబడుతోంది. అత్త దానికి ఎదురుగానే కూర్చుంది. తల కొట్టుకుంటూ మొదలుపెట్టింది.

"వాన లేని ఊర్లో మాకేమి పని, పోతా ఉండామే! గొడ్డుకు నీళ్ళు లేవే, బిడ్డకు నీళ్ళు లేవే!"

మిగతావాళ్ళు అందుకున్నారు. అంత నిజమైన ఏడుపు తామెప్పుడూ వినలేదని తర్వాత చాలామంది అన్నారు. నేను పక్కనే ఉన్నాను గనక అసలు సంగతి నాకు తెలుసు. శ్వాస తీసుకునే సందులో ఆమె నా వైపు ఒరిగి అడిగింది: "అమ్మిణీ, కొండ పక్క నల్లగా ఉండాదా?"

ఉంది. కొండమీద నుంచి మబ్బు కమ్ముకొస్తోంది. మూడు వారాల అవకాశమంతా ఒక్కసారిగా వస్తున్నట్టుంది. ఉరుము ఉరిమింది. ఆడవాళ్ళు చేతులెత్తి దండం పెట్టారు. అత్త ఏడుపు ఇంకా పెరిగింది.

"నేను పోయి పట్ట కప్పేసి వస్తానత్తా" అన్నాను.

ఆమె నా మణికట్టు పట్టుకుంది. "కూర్చో. పిలవకుండా లేస్తే వచ్చే వాన తిరిగి పోతాది."

నాకు ఒళ్ళు మండిపోయింది. అవ్వమీద, ఆచారంమీద, దిండిగల్‌లో ఉన్న మనిషిమీద, ఆ ఫోనుమీద. మమ్మల్ని పిలవాల్సిన మగవాళ్ళేమో, వాన వచ్చి తగ్గాక వెళ్దామని టీకొట్టు చూరు కింద నిలబడ్డారు.

చినుకులు పడ్డాయి. అత్త ఉల్లి వైపు చూస్తూనే ఉంది. ఇప్పుడు పాట లేదు, మాట లేదు, ఊరికే కన్నీళ్ళు. అవ్వ ఆ ముఖం చూసింది. చీర కుచ్చిళ్ళు ఎత్తి దోపుకుని, అందరికంటే ముందు తానే లేచింది.

"ఏమి చూస్తా ఉండారు? లేయండి! వెంగాయం తడస్తా ఉండాది!"

అందరం పరుగెత్తాం. కొందరు ఉల్లిని కుప్పకు ఎగదోశారు, కొందరు ఇంకా తడవనిదాన్ని కొంగుల్లో నింపి పట్టడలోకి మోశారు, నలుగురు పట్ట మూలలమీద కూర్చున్నారు. పావుగంటలో వాన ఆగిపోయింది. మేం లేచినందుకే ఆగిందని ఊరు ఇప్పటికీ అంటుంది. మూడింట ఒక వంతు ఉల్లి తడిసింది, మిగతాది దక్కింది. మా ఆయన సాయంత్రం వచ్చి, "పొద్దున్నే చెప్పినాను గదా" అన్నాడు.

అప్పటికి అత్త ఇంట్లో లేదు. చేలోనూ లేదు. వెతుక్కుంటూ వెళ్తే, పొలిమేరలో ఆ ఖాళీ కుండ పక్కన, తడి నేలమీద ఒక్కతే కూర్చుని కనబడింది.

"ఇక్కడేమి చేస్తా ఉండారత్తా?"

"ఎవురూ పిలవలే గదా. పిలవకుండా ఊర్లోకి ఎట్లా వచ్చేది?"

"మరి అప్పుడు లేచి పరుగెత్తినారే?"

"వెంగాయానికి పోయినాను. ఇంటికి రాలే."

ఆమె చీర ఇంకా ఒంటికి అతుక్కునే ఉంది, వణుకుతోంది. ఎవరూ గుర్తుచేసుకోకపోతే రాత్రంతా అలాగే కూర్చునేదేమోనన్న భయం ఒక్కసారిగా పట్టుకుంది.

"వాన వస్తాది, ఇంటికి రండి" అన్నాను.

"మొగోళ్ళు పిలవాల, అమ్మిణీ."

"మొగోళ్ళు కాఫీ తాగతా ఉండారు. రండి."

ఆమె తడి కొంగు పిండుకుంది.

"అంత మెల్లగా పిలిస్తే ఎవురు వస్తారు? గట్టిగా పిలువు."

గట్టిగా పిలిచాను. ఆమె నా చెయ్యి పట్టుకుని లేచి, కుండ నాకందించి, ఇంటి దారి పట్టింది.