బి టూ అంటే రెండో రకం కాదు ఈరన్నా!

ఒక బడి ఖాళీ కావాలంటే వరద రావాలి, లేదంటే ఎన్నికలు రావాలి. అవేవీ రాకుండానే, చేతిలో ఒక్క సుద్దముక్కతో, ఒక్క సాయంత్రంలో ఒక తరగతిని ఖాళీ చేసిన ఘనుణ్ణి నేను. అది కూడా పిల్లల చదువు బాగుపడాలన్న సదుద్దేశంతో! ఇది చదివి నవ్వండి, నాకు అభ్యంతరం లేదు. మీరు నవ్వుతున్నంతసేపూ నేను తల పట్టుకుని కూర్చుంటాను.

అప్పుడు నాకు ఉద్యోగం కొత్త. మాది కడప జిల్లా. నన్ను కర్నూలుకు పడమటగా ఉన్న ఒక నేతపని ఊరికి, హైస్కూల్లో సైన్సు మాస్టారుగా వేశారు. ఏ వీధిలోకి పోయినా మగ్గాల చప్పుడే. మగ్గం లేనివాళ్లు పత్తి చేలల్లో కూలికి పోయేవాళ్లు. మా హెడ్మిస్ట్రెస్ సరోజమ్మ మేడం ఒకరోజు నన్ను పిలిచి, కర్నూలులో ఏదో శిక్షణ ఉంది, పోయి రమ్మంది. మిగతా మాస్టార్లందరూ పోమని తప్పించుకున్నారు గనక నన్ను పంపింది. నేనేమో నా ప్రతిభ చూసి పంపిందనుకున్నాను. అనర్థం అక్కడే మొదలైంది.

శిక్షణలో పొద్దున్నే ఉగ్గాని, బజ్జీ పెట్టి, కడుపు నిండాక రెండు సంగతులు చెప్పారు. ఒకటి, పిల్లలకు ఇక మార్కులు చెప్పకూడదు, గ్రేడ్లే చెప్పాలి. ఒకటీ అరా మార్కుల తేడాకు పిల్లలు కుమిలిపోతున్నారట. రెండు, పిల్లలు మూడు రకాలు: చూసి నేర్చుకునేవాళ్లు, విని నేర్చుకునేవాళ్లు, చేసి నేర్చుకునేవాళ్లు. ఎవరిది ఏ రకమో కనిపెట్టి తల్లిదండ్రులకు చెప్పాలి. (పిల్లల్ని ఇలా మూడు గంపల్లో వేయడం సరికాదని చాలామంది పెద్ద చదువులవాళ్లు అంటారని నాకు తర్వాత తెలిసింది. ముందే తెలిసి ఉంటే ఈ కథే లేదు.) బజ్జీ మత్తులో ఉన్నానేమో, రెండూ నాకు వేదవాక్కుల్లా వినిపించాయి. చదవేస్తే ఉన్న మతి పోయిందంటారు. శిక్షణకు పంపితే నా మతితోపాటు ఊరి పిల్లల చదువు కూడా పోయింది.

తిరిగి రాగానే తొమ్మిదో తరగతి పిల్లల్ని వరసగా నిలబెట్టి, నేను సొంతంగా కనిపెట్టిన ప్రశ్నలతో ఒక్క పీరియడ్‌లో మూడు రకాలుగా విడగొట్టేశాను. వైద్యుడు కూడా జ్వరం తేల్చడానికి అంతకంటే ఎక్కువసేపు తీసుకుంటాడు. ఆ శనివారం సాయంత్రమే తల్లిదండ్రుల సమావేశం పెట్టించాను. మేడం ఒక్కటే హెచ్చరించింది.

“ఏమైనా చెప్పప్పా, మార్కులు మాత్రం నోరు జారొద్దు. పైవాళ్లకు తెలిస్తే నా మెడకు చుట్టుకుంటుంది.”

“నాకు వదిలేయండి మేడం” అన్నాను. ఈ మాట అన్నవాడెవడైనా చరిత్రలో బాగుపడ్డాడా చెప్పండి?

నల్లబల్ల నిండా ఏ వన్, ఏ టూ, బి వన్, బి టూ అని చివరి ‘ఈ’ గ్రేడు దాకా రాసి, పక్కన గ్రేడు పాయింట్లు రాసి, రైల్వే టైం టేబుల్ లాంటి ఆ చిత్రం ముందు నిలబడి గంటసేపు మాట్లాడాను. ముందు వరసలో కూర్చున్న ఖాసింబీ చెయ్యెత్తింది.

“సార్, మావాడిది ఆసుపత్రిలో బి పాజిటివ్ అన్నారు. మీరు బి వన్ అంటాండారు. ఏది నిజం?”

“అది రక్తం గ్రూపమ్మా. ఇది చదువు గ్రేడు.”

“చదువు రక్తంలో ఉండాలంటారు కదా సార్!”

అందరూ అవునవునన్నారు. గోడకు ఆనుకుని కూర్చున్న నేత ఈరన్న లేచాడు. అతని కూతురు మహేశ్వరి నా తరగతిలో చురుకైన పిల్ల.

“మా పాపకేమొచ్చినాది సార్?”

“సైన్సులో బి టూ, ఈరన్నా.”

“మా షావుకారు కూడా ఇట్లే సార్, చీరలన్నీ ఏ రకం, బి రకం అని వేరు చేస్తాడు. బి అంటే రెండో రకం. మళ్ల అందులో రెండంటే?”

“రెండో రకం కాదు ఈరన్నా! ఏడు పాయింట్లు వచ్చాయి.”

“ఏడా?” అని ఈరన్న కూర్చుండిపోయాడు. ఆ కూర్చోవడంలో ఏదో తేడా ఉందని నాకు తట్టి ఉండాల్సింది. తట్టలేదు. నేను ఉత్సాహంగా రెండో సంగతికి వెళ్లిపోయాను. ఎవరి పిల్లలు ఏ రకమో పేరుపేరునా చదివి, “ఇక నుంచి వాళ్ల రకాన్ని బట్టి ఇంట్లో ప్రోత్సహించండి” అని ముగించాను. జనం చప్పట్లు కొట్టారు. ఇన్నేళ్లయినా ఆ చప్పట్లు గుర్తొస్తే నాకు చెమట పడుతుంది.

సోమవారం తరగతిలోకి అడుగుపెడితే సగం బెంచీలు ఖాళీగా నన్నే చూస్తున్నాయి. చేసి నేర్చుకునే రకమని నేను ప్రకటించిన పిల్లల్లో ఒక్కరూ లేరు. వచ్చినవాళ్లలో ఖాసింబీ కొడుకు కళ్లు వాచి ఉన్నాయి.

“ఏమైందిరా?”

“నేను విని నేర్చుకునే రకమంట సార్. మా అమ్మ నిన్నట్నుంచి తిడతానే ఉండాది. ఆపమంటే, ‘నువ్వు వినాలి, సార్ చెప్పినాడు’ అంటాది.”

సాయంత్రం సైకిలేసుకుని బయల్దేరాను. మొదట ఎదురైంది మద్దిలేటి, పత్తి చేలో కూలికి పోయి వస్తున్నాడు. నన్ను చూడగానే అతని ముఖం వెలిగిపోయింది.

“మావాడు చూసి నేర్చుకునే రకమంటిరి కదా సార్. అప్పు చేసి పెద్ద ఫోన్ కొనిస్తి. నిన్నట్నుంచి చూస్తానే ఉండాడు, అన్నం కూడా అడగలే. శానా పుణ్యం సార్ మీకు!”

పుణ్యం! నేను కట్టుకున్న పుణ్యానికి యముడు ప్రత్యేకంగా ఒక నూనె బాణలి కాగబెడుతూ ఉంటాడు. మద్దిలేటికి నచ్చజెప్పే ఓపిక లేక ముందుకు పోయాను. ఎందుకంటే నేను బయల్దేరింది మహేశ్వరి కోసం.

ఈరన్న ఇంట్లో ఎప్పుడూ అతను కాళ్లు దించి కూర్చునే మగ్గం గుంతలో మహేశ్వరి కూర్చుని ఉంది. ఈరన్న పక్కన నిలబడి పని నేర్పుతున్నాడు. నన్ను చూడగానే ఆ పిల్ల తల దించుకుంది.

“రండి సార్, మీరు చెప్పినట్లే చేస్తాండాం” అన్నాడు ఈరన్న.

“నేను చెప్పానా? బడి మాన్పించమని నేనెప్పుడు చెప్పాను?”

“చేసి నేర్చుకునే రకం, ఇంట్లో ప్రోత్సహించమంటిరి కదా. మా ఇంట్లో చేసేదేముండాది సార్? మగ్గమే. అదీగాక నూటికి ఏడు మార్కులొచ్చిన పిల్లను బడికి తోలి ఏం జేసేది? మీరు మంచోళ్లు గనక నలుగురిలో పాయింట్లు అని మరుగుపరిచి చెప్తిరి. నాకు అర్థం కాదా?”

నేను నోరు తెరిచేలోపే మహేశ్వరి తలెత్తింది.

“సార్, నేను చేసి నేర్చుకునే రకమని మీకెట్ల తెలిసె? సైకిల్ ఎట్ల నేర్చుకున్నావని అడిగితిరి. తొక్కి నేర్చుకుంటి అని చెప్తిని. సైకిల్ ఎవురన్నా విని నేర్చుకుంటారా సార్?”

పాఠకులారా, ఈ ప్రశ్న శిక్షణలోనే నాకు తట్టి ఉండాల్సింది. ఆ పిల్ల కళ్లలో నీళ్లు తిరుగుతున్నాయి, అంత మంచి ప్రశ్న అడిగిన పిల్లను నేను బడి మాన్పించాను. ఆ గుంతలోకి నేనే దిగి పైన మట్టి కప్పించుకుందామనిపించింది.

“నూటికి ఏడు కాదు ఈరన్నా, పదికి ఏడు!”

“పదికేడంటే నూటికెంత?”

“అరవై ఏడు నుంచి డెబ్బై నాలుగు మధ్యలో ఎంతైనా కావచ్చు.”

“ఎంతైనా అంటే ఎట్ల సార్? చీర పొడుగెంతరా అని షావుకారు అడిగితే, ఐదు గజాలు ఆరు గజాల మధ్యలో ఎంతైనా కావచ్చు అంటే ఊరుకుంటాడా? తెలిస్తే చెప్పండి, లేదంటే లేదనండి. పాపా, నువ్వు పని చూడు.”

మహేశ్వరి చెయ్యి మళ్లీ మగ్గం మీదికి పోయింది. మేడం హెచ్చరిక, పైవాళ్ల కోపం, నా ఉద్యోగం అన్నీ ఒక్కసారి కళ్ల ముందు తిరిగాయి.

“అరవై తొమ్మిది!” అని అరిచాను.

ఈరన్న నన్నూ, కూతుర్నీ మార్చి మార్చి చూశాడు. “అరవై దాటితే ఫస్టు క్లాసు కదా సార్? మా కాలంలో అట్లే అనేవాళ్లు.”

“ఫస్టు క్లాసే ఈరన్నా!”

“మరి బి అంటిరే! రెండంటిరే! ఏడంటిరే!” అని నా మీద కేకలేసి, అదే గొంతుతో వీధిలోకి తిరిగి, “మా పాపకు ఫస్టు క్లాసొచ్చినాది!” అని అరిచాడు. “లెయ్యి పాపా, రేపు బడికి పో.” ఆ పిల్ల గుంతలోంచి లేచిన వేగం చూస్తే, సంతోషం ఏ రకంగా నేర్చుకుంటారో ఎవరూ చెప్పనక్కర్లేదనిపించింది.

కథ ఇక్కడ ఆగితే నేను కూడా నవ్వేవాణ్ణి. ఆగలేదు. ఆ కేక విని వీధి వీధంతా నా చుట్టూ మూగింది. “మావాడికెన్ని సార్?” “మా పాపకెన్ని సార్?” ఒకరికి చెప్పి ఇంకొకరికి చెప్పకపోతే ఎలా? గుర్తున్నవన్నీ చెప్పేశాను. ముప్పై ఏడని చెప్పగానే ఒక తల్లి చీపురు తీసుకుని కొడుకు వెంట పడింది. వాడు నా వెనక దాక్కున్నాడు. దెబ్బలు సగం వాడికి, సగం నాకు. మార్కులు తీసేసి గ్రేడ్లు ఎందుకు పెట్టారో శిక్షణలో సరిగ్గా అర్థం కాలేదు గానీ, ఆ చీపురు కింద క్షుణ్ణంగా అర్థమైంది.

మర్నాడు పిల్లలందరూ బడికొచ్చారు. వాళ్ల వెనకే తల్లిదండ్రులూ వచ్చారు, మిగతా సబ్జెక్టుల మార్కులు కూడా చెప్పమని. మేడం నన్ను గదిలోకి పిలిచి తలుపేసింది. లోపల జరిగిన సంభాషణలో నావి రెండే మాటలు: “అవును మేడం”, “తప్పే మేడం”.

మహేశ్వరి ఆ తర్వాతి ఏడు పది పాసై, కర్నూలులో కాలేజీలో చేరింది. ఇంకొన్నాళ్లకు, మీకు తెలిసిందే, గ్రేడ్లు తీసేసి మళ్లీ మార్కులే అన్నారు. మేడం నన్ను పిలిచి, “సమావేశం పెడతాండాం. మారిన పద్ధతి నువ్వే చెప్పాలప్పా. నీకు అనుభవముంది కదా” అంది. ఆమె నవ్వలేదు. దానికే నాకు భయం వేసింది.

ఈసారి నేను తెలివి తెచ్చుకున్నాను. నల్లబల్ల జోలికి పోలేదు. రకాలు లేవు, పాయింట్లు లేవు. లేచి నిలబడి ఒకే ఒక్క మాట చెప్పాను: “మీ పిల్లలందరూ మంచి పిల్లలు. రోజూ బడికి పంపండి.” చెప్పి కూర్చున్నాను. ఇంతకంటే అపాయం లేని వాక్యం తెలుగులో ఉంటే చూపించండి. వెనక వరసలో ఒక కొత్త తల్లి మెల్లగా లేచింది.

“మంచి అంటే ఏ వన్నా, ఏ టూనా సార్?”

కాబట్టి తుంగభద్ర సాక్షిగా, ఎండాకాలమైతే అందులోని ఇసుక సాక్షిగా, ఇదే నా ప్రతిజ్ఞ: ఈ జన్మలో ఏ తల్లికీ ఏ తండ్రికీ నేను ఏమీ వివరించను. ఎవరైనా అడిగితే మా హిందీ మాస్టారి గది చూపిస్తాను. ఆయన వచ్చే నెల రిటైరవుతున్నాడు, ఆయన్ని ఇక ఎవరూ ఏమీ చేయలేరు.